కంప్యూటరు లేవనప్పుడు... ముందుగా చూడవలసినవి

(పెన్షనర్ల దినోత్సవం నాడు మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుంటూ ఏటా ఈ రోజున మనమందరం కలుసుకుంటున్నాము. పెన్షను ఎవరో దయతలచి ఇచ్చే బహుమానం కాదు, ఉద్యోగి హక్కు అని ఆనాడు న్యాయస్థానం చెప్పింది. ఆ తీర్పు గురించీ, డి.ఎ. బకాయిల గురించీ, వైద్య సదుపాయాల గురించీ నాకంటె బాగా మాట్లాడగల పెద్దలు ఇక్కడ ఉన్నారు. కార్యదర్శి గారు నాకు అప్పగించిన పని చిన్నది. "ఇంట్లో కంప్యూటరు ఆగిపోతే మనవాళ్ళు కంగారు పడుతున్నారు. ఏం చూడాలో, ఏం చేయకూడదో అరగంటలో చెప్పండి" అన్నారు.

నేను కంప్యూటరు ఇంజనీరును కాను. సర్వీసంతా ఆపరేషన్ సెక్షన్లలోనూ, సబ్‌స్టేషన్లలోనూ గడిపినవాడిని. రిటైరైన తరువాత మన సంఘం ఆఫీసు కంప్యూటరును కనిపెట్టుకుని ఉండే పని నా మీద పడింది. అది చేస్తూ నేర్చుకున్నదీ, సభ్యుల ఇళ్ళకు వెళ్ళినప్పుడు చూసినదీ మీ ముందు పెడతాను.

ఆ బల్ల మీద పెట్టెలో రెండు వేరు వేరు వస్తువులు ఉన్నాయి. ఒకటి యంత్రం. రెండవది, ఆ యంత్రంలో మనం దాచుకున్న సరుకు. అంటే పి.పి.ఓ. నకళ్ళు, బ్యాంకు డిపాజిట్ల జాబితా, ఇంటి పన్ను రసీదులు, అమ్మాయి పెళ్ళి ఫోటోలు, మనవడు మొదటి అడుగు వేసినప్పటి వీడియో. యంత్రం పాడైతే బజారులో ఇంకొకటి దొరుకుతుంది. సరుకు పోతే ఏ బజారులోనూ దొరకదు. కంప్యూటరు లేవనప్పుడు మన తొందరంతా యంత్రాన్ని లేపడం మీదనే ఉంటుంది. ఆ తొందరలో సరుకు పోగొట్టుకుంటున్నాము. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

మన పాత పద్ధతే

11 కె.వి. ఫీడరు ట్రిప్పయితే మనం ఏం చేసేవాళ్ళం? ఇరవై కిలోమీటర్ల లైనులో ప్రతి స్తంభమూ ఎక్కి చూసేవాళ్ళమా? లేదు. మధ్యలో ఉన్న ఏ.బి. స్విచ్చి తెరిచి, సబ్‌స్టేషన్ వైపు సగాన్ని ఛార్జి చేసేవాళ్ళం. నిలబడితే దోషం అవతలి సగంలో ఉన్నట్టు. ఆ సగాన్ని మళ్ళీ రెండు చేసేవాళ్ళం. అలా నాలుగైదు సార్లలో దోషం ఉన్న స్పాను దగ్గరకు వచ్చేవాళ్ళం. విరిగిన ఇన్సులేటరో, లైను మీద పడిన కొమ్మో అక్కడ కనిపించేది.

కంప్యూటరుకు కూడా సరిగ్గా ఇదే పద్ధతి. బటను నొక్కిన దగ్గర నుంచి తెర మీద మన బొమ్మలు వచ్చేదాకా అది ఐదు మజిలీలు దాటుతుంది.

మొదటిది, కరెంటు. గోడ సాకెట్టు నుంచి వచ్చిన 230 వోల్టుల ఎ.సి.ని, వెనకవైపున్న ఎస్.ఎం.పి.ఎస్. అనే పెట్టె 12, 5, 3.3 వోల్టుల డి.సి.గా మార్చి లోపలి భాగాలకు పంచుతుంది.

రెండవది, స్వీయ పరీక్ష. మదర్‌బోర్డు మీద బయాస్ అనే చిన్న ప్రోగ్రాము ఒక చిప్పులో శాశ్వతంగా ఉంటుంది. అది నిద్ర లేచి ప్రాసెసరు, ర్యాము, డిస్‌ప్లే ఉన్నాయా అని హాజరు తీసుకుంటుంది.

మూడవది, డిస్కు కోసం వెతకడం. విండోస్ ఎక్కడ ఉందా అని హార్డ్ డిస్కును, పెన్ డ్రైవును వరుసగా తట్టి చూస్తుంది.

నాలుగవది, విండోస్‌ను డిస్కు నుంచి ర్యాములోకి ఎక్కించడం. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరిగేది అప్పుడే.

ఐదవది, మన పేరూ పాస్‌వర్డూ అడిగి పనిలోకి రానివ్వడం.

తన బూటు పట్టీలు తానే పట్టుకుని పైకి లేచాడని ఇంగ్లీషువారు ఒక నానుడి చెబుతారు. కంప్యూటరు కూడా ఇంకొకరి సాయం లేకుండా మెట్టు మెట్టుగా తనను తానే లేపుకుంటుంది కనుక ఈ పనికి 'బూటింగు' అని పేరు పెట్టారు.

కనుక కంప్యూటరు లేవలేదని ఎవరైనా ఫోను చేస్తే, "ఎంతవరకు వచ్చింది?" అని నేను మొదట అడుగుతాను. లైటు వెలిగిందా, ఫ్యాను తిరిగిందా, తెర మీద ఏదైనా అక్షరం పడిందా, చుక్కలు తిరిగాయా? ఎక్కడ ఆగిందో తెలిస్తే, దానికి ముందున్నవన్నీ దాదాపు బాగున్నట్టే. మెకానిక్కుకు కూడా "పని చేయడం లేదు" అని కాకుండా "ఫలానా చోట ఆగుతోంది" అని చెప్పండి. మీ మాటకు వెంటనే విలువ పెరుగుతుంది.

లైటు కూడా వెలగకపోతే

ఇది మన శాఖ పని. సిగ్గుపడకుండా మొదటి నుంచి మొదలుపెట్టండి. అదే సాకెట్టులో టేబుల్ ల్యాంపు పెట్టి చూడండి. వెలగకపోతే కంప్యూటరు తప్పేమీ లేదు. వెలిగితే యు.పి.ఎస్.ను తప్పించి, కంప్యూటరు ప్లగ్గును నేరుగా గోడ సాకెట్టులో పెట్టండి. లేచిందంటే దోషం యు.పి.ఎస్.లో ఉన్నట్టు. వాటిలోని లెడ్ యాసిడ్ బ్యాటరీలు మూడు నాలుగేళ్ళకు నీరసపడటం మామూలే. తరువాత పవర్ వైరు మార్చి చూడండి. మానిటరు వైరు, కంప్యూటరు వైరు చాలా ఇళ్ళలో ఒకే రకంగా ఉంటాయి, ఇటుది అటు పెట్టి చూడవచ్చు. పెట్టె వెనుక చిన్న స్విచ్చి ఒకటి ఉంటుంది. ఇల్లు ఊడ్చేటప్పుడు చెయ్యి తగిలి అది ఆఫ్ అయిన సందర్భాలు నేను రెండు మూడు చూశాను.

ఇంకొక చిట్కా. ప్లగ్గు పూర్తిగా పీకేసి, పవర్ బటనును అర నిమిషం నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిపోయిన ఛార్జి దిగిపోతుంది. మళ్ళీ ప్లగ్గు పెట్టి చూడండి. వినడానికి మంత్రంలా ఉంటుంది కానీ, చాలాసార్లు పని చేస్తుంది.

ఇంతవరకు చేసినా లేవకపోతే ఎస్.ఎం.పి.ఎస్. పోయి ఉండవచ్చు. దాన్ని మార్పించాలే తప్ప ఎవరూ విప్పవద్దు. ప్లగ్గు పీకేసిన తరువాత కూడా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన ఛార్జి నిలిచి ఉంటుంది. లైను డిశ్చార్జి చేయకుండా ముట్టుకుంటే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఫ్యాను తిరుగుతుంది, తెర నల్లగా ఉంటుంది

ముందు మానిటరు సంగతి తేల్చుకోండి. 'నో సిగ్నల్' అని అక్షరాలు కనిపిస్తే మానిటరు బతికే ఉంది, దానికి అటు నుంచి ఏమీ అందడం లేదని అర్థం. వైరు రెండు చివరలా బిగించండి. కంప్యూటరుకు విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే, మానిటరు వైరు ఆ కార్డుకే పెట్టాలి.

తరువాత అదనపు బరువంతా దించండి. ప్రింటరు, పెన్ డ్రైవు, కెమెరా, స్పీకర్లు అన్నీ పీకేసి కీబోర్డు, మానిటరు మాత్రం ఉంచండి. ఇప్పుడు లేస్తే, ఒక్కొక్కటే తగిలిస్తూ రండి. ఏది తగిలించినప్పుడు ఆగిందో అదే దొంగ. రెండు మార్పులు ఒకేసారి చేయకండి. చేస్తే దేనివల్ల బాగైందో తెలియదు.

కొన్ని కంప్యూటర్లు ఈ దశలో బీప్ బీప్‌మని కూస్తాయి. ఎన్ని కూతలు, పొడుగా పొట్టివా అన్నది కాగితం మీద రాసుకోండి. ఆ సంకేతాలు కంపెనీకి ఒక రకంగా ఉంటాయి కనుక మీ మదర్‌బోర్డు పుస్తకంలోనే చూడాలి.

ఈ దశలో తరచుగా దొరికే దోషి ర్యాము. పొడవాటి స్కేలులా ఉండే ఆ పట్టీ, ఏళ్ళ తరబడి వేడెక్కీ చల్లబడీ తన గాడిలో కొంచెం వదులవుతుంది, లేదా అంచున తుప్పు లాంటి పొర పడుతుంది. ధైర్యం ఉన్నవారు ప్లగ్గు పీకేసి, పెట్టె ఇనుప చట్రాన్ని ఒకసారి తాకి ఒంట్లోని స్టాటిక్ ఛార్జి దిగేలా చేసుకుని, చివరల క్లిప్పులు తెరిచి ఆ పట్టీని బయటకు తీయవచ్చు. బంగారు రంగు అంచును వేళ్ళతో ముట్టుకోకుండా, పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, క్లిప్పు టక్కుమనేదాకా తిన్నగా నొక్కండి. రెండు పట్టీలుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. చేతులు వణికేవారు, చూపు ఆననివారు ఈ పని పిల్లలకు వదిలిపెట్టడమే మంచిది.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ కూడా ఒకటి ఉంటుంది. దాని పేరు సి.ఆర్. 2032, మూడు వోల్టులు. కంప్యూటరు ఆపినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంటే ఈ సెల్లు అయిపోయినట్టు. తేదీ తప్పితే బ్యాంకు సైట్లు తెరుచుకోవు. కొన్నిటిలో, ఏ డిస్కు నుంచి లేవాలన్న అమరిక కూడా చెరిగిపోతుంది. గడియారాల దుకాణంలో దొరికే సెల్లుతో తీరిపోయే జబ్బు ఇది.

డిస్కు కనబడలేదని చెప్పినప్పుడు

తెర మీద తెల్లని అక్షరాలతో 'బూట్ డివైస్ దొరకలేదు' అనే అర్థం వచ్చే వాక్యం పడితే, యంత్రం రెండు మజిలీలు దాటి మూడో దాని దగ్గర ఆగిందన్నమాట. ముందుగా పెన్ డ్రైవు ఏదైనా మరిచిపోయి వదిలేశారేమో చూడండి. కంప్యూటరు దాంట్లో విండోస్ కోసం వెతుక్కుంటూ ఆగిపోయి ఉండవచ్చు.

అది కాకపోతే, ఆన్ చేయగానే డెల్ మీటగానీ ఎఫ్2 మీటగానీ పదే పదే నొక్కితే బయాస్ తెర వస్తుంది. అక్కడ మీ డిస్కు పేరు కనిపిస్తుందా లేదా అన్నదొక్కటే చూసి, ఏమీ మార్చకుండా బయటకు రండి. పేరు కనిపించకపోతే వైరు వదులై ఉండాలి, లేదా డిస్కు పోయి ఉండాలి. పేరు కనిపిస్తే డిస్కు పలుకుతోంది, తేడా అందులోని విండోస్‌లో ఉండే అవకాశం ఎక్కువ.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాత రకం హార్డ్ డిస్కులో పళ్ళేలు నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంటాయి. చదివే ముల్లు వాటిని తాకకుండా తేలుతూ ఉంటుంది. ఆ ఎడం వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. అందులో నుంచి టక్, టక్, టక్ అని ఒకే వరసలో చప్పుడు వస్తే వెంటనే ఆపేయండి. "ఇంకొకసారి చూద్దాం" అని ఆన్ చేసిన ప్రతిసారీ ముల్లు పళ్ళేన్ని గీరుతూ ఉండవచ్చు. అలాంటి డిస్కు మీద మరమ్మతు ప్రోగ్రాములు నడపడం కూడా ప్రమాదమే. అందులో అవసరమైన సరుకు ఉంటే, డేటా రికవరీ చేసే నిపుణుల దగ్గరకు నేరుగా పంపాలి.

చుక్కలు తిరిగి తిరిగి ఆగిపోతే

బయాస్ తెర బాగానే వస్తుంది, విండోస్ గుర్తు కనిపిస్తుంది, ఆ తరువాత నీలం తెర పడుతుంది లేదా మళ్ళీ మొదటికి వస్తుంది. కొత్త విండోస్‌లో ఆ తెర నల్లగా ఉంటుంది. చాలామంది ఈ స్థితిలోనే "కంప్యూటరు కాలిపోయింది" అనుకుంటారు. కానీ ఇక్కడిదాకా వచ్చిందంటే యంత్రం చాలావరకు బాగున్నట్టే.

దీనికి ప్రపంచమంతా చూసిన ఉదాహరణ ఒకటి ఉంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ తన ఖాతాదారుల కంప్యూటర్లకు పంపిన ఒక అప్‌డేట్ ఫైలులో లోపం ఉంది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు నీలం తెర దగ్గర ఆగిపోయాయి. విమానాశ్రయాలు, బ్యాంకులు, ఆసుపత్రులు చిక్కుకుపోయాయి. శంషాబాద్‌లో ప్రయాణికులకు బోర్డింగు పాసులు చేతితో రాసి ఇచ్చారు. ఆ 85 లక్షల యంత్రాలలో ఆ ఫైలు వల్ల ఒక్క చిప్పు కూడా కాలలేదు. కంప్యూటరును సేఫ్ మోడ్ అనే పద్ధతిలో లేపి, లోపమున్న ఆ ఒక్క ఫైలును తీసేస్తే మళ్ళీ లేచాయి. ఫార్మాట్ చేయనక్కరలేదు.

సేఫ్ మోడ్ అంటే, లైను మీద లోడంతా తీసేసి ఖాళీగా ఛార్జి చేయడం లాంటిది. విండోస్ తనకు అత్యవసరమైన వాటితో మాత్రమే లేస్తుంది. విండోస్ 10, 11 వరుసగా రెండు మూడు సార్లు లేవలేకపోతే మరమ్మతు తెరను తామే చూపిస్తాయి. అందులో ట్రబుల్‌షూట్, తరువాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అనే వాటిని ఎంచుకోండి. ముందుగా స్టార్టప్ రిపేర్ చేసి చూడండి. కుదరకపోతే స్టార్టప్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, రీస్టార్ట్ నొక్కి, వచ్చిన జాబితాలో 4 నొక్కితే సేఫ్ మోడ్. అందులో లేచిందంటే, ఇటీవల కొత్తగా ఏం చేరిందో గుర్తు చేసుకుని దాన్ని తీసేయండి. కొత్త ప్రోగ్రాము కావచ్చు, ప్రింటరు డ్రైవరు కావచ్చు. అప్‌డేట్ తరువాత మొదలైన జబ్బయితే, అదే తెరలో చివరి అప్‌డేట్‌ను వెనక్కి తీసే ఏర్పాటు ఉంది. పాత తేదీకి తీసుకువెళ్ళే సిస్టమ్ రిస్టోర్ కూడా ఉంది.

కొన్ని కొత్త కంప్యూటర్లలో బిట్‌లాకర్ అనే తాళం తనంతట తానే పడి ఉంటుంది. మరమ్మతు సమయంలో 48 అంకెల తాళపు సంఖ్య అడుగుతుంది. అది చాలామందికి వారి మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రమై ఉంటుంది. కంప్యూటరు బాగున్న రోజునే మీ అబ్బాయి చేతనో అమ్మాయి చేతనో దాన్ని తీయించి, పి.పి.ఓ. దాచిన ఫైలులో రాసి పెట్టుకోండి. ఆ సంఖ్య లేకపోతే డిస్కులోని సరుకును ఎవరూ తెరవలేరు.

పనిచేస్తూ చేస్తూ ఆగిపోయేవి

లేవడం లేస్తుంది, అరగంటకు ఆగిపోతుంది. ఈ రకం జబ్బుకు మన దగ్గర మంచి మందు ఉంది. సబ్‌స్టేషన్‌లో గంట గంటకూ లాగ్ షీటు రాసేవాళ్ళం కదా. కంప్యూటరు పక్కన ఒక నోటు పుస్తకం పెట్టి అలాగే రాయండి. తేదీ, సమయం, అప్పుడు ఏం చేస్తున్నారు, తెర మీద ఏ అక్షరాలు పడ్డాయి. నీలం తెరను సెల్ ఫోనుతో ఫోటో తీసినా సరిపోతుంది. వారం రోజులు రాస్తే జబ్బు తన పేరు తానే చెబుతుంది.

మధ్యాహ్నం పూటే ఆగుతుంటే అది వేడి. రామగుండం, విజయవాడ ఎండలు మనకు తెలియనివి కావు. ప్రాసెసరు వంద డిగ్రీల సమీపానికి చేరితే ముందు వేగం తగ్గించుకుంటుంది, అయినా తగ్గకపోతే తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. అది మన ట్రాన్స్‌ఫార్మరు వైండింగ్ టెంపరేచరు ట్రిప్పు లాంటిదే. పెట్టెను గోడకు జానెడు దూరం జరపండి. ప్లగ్గు పీకి, వరండాలోకి తెచ్చి, పక్క తలుపు తీసి, రంగులు వేసే మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపండి. దులిపేటప్పుడు ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి.

పక్కింటి మోటారో, మన ఫ్రిజ్జో ఆన్ అయినప్పుడే ఆగుతుంటే వోల్టేజి పడిపోతోంది. ఎర్తింగు, సాకెట్టు, ఎస్.ఎం.పి.ఎస్. చూపించుకోవాలి. పెట్టె తెరిచినప్పుడు మదర్‌బోర్డు మీద చిన్న డబ్బాల్లా నిలబడిన కెపాసిటర్ల తలలు చదునుగా ఉన్నాయో, ఉబ్బాయో చూడండి. ఉబ్బి ఉంటే అవే జబ్బు. వేళాపాళా లేకుండా, ఒక్కోసారి ఒక్కో రకమైన అక్షరాలతో ఆగుతుంటే ర్యామును అనుమానించండి. ఫలానా ఫోటోల ఫోల్డరు తెరిచినప్పుడే బిగుసుకుపోతుంటే డిస్కును అనుమానించండి. డిస్కు మీద అనుమానం వచ్చిన రోజున ఇంకే పనీ పెట్టుకోకుండా ముందు నకలు తీసుకోండి.

ఫార్మాట్ అనే మాట వినబడినప్పుడు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన సభ్యుడొకరు కొన్నేళ్ళ క్రితం కాలం చేశారు. చాలా పద్ధతైన మనిషి. డిపాజిట్ల వివరాలు, పాలసీ నంబర్లు, పి.పి.ఓ. నకలు, సర్వీసు కాగితాలు, ముప్ఫయ్యేళ్ళ కుటుంబ ఫోటోలు అన్నీ స్కాన్ చేసి కంప్యూటరులో వరసగా పెట్టుకున్నారు. ఆయన పోయిన మూడవ నెలలో ఆ కంప్యూటరు లేవలేదు. ఆమె దగ్గరలో ఉన్న కుర్రవాడిని పిలిపించారు. "విండోస్ పోయిందండీ, మళ్ళీ వేయాలి" అన్నాడు. వేయమన్నారు. సాయంత్రానికి కంప్యూటరు కొత్తదానిలా లేచింది. లోపల ఒక్క ఫైలు కూడా లేదు.

అతనిని దొంగ అనలేము. కంప్యూటరు లేపమన్నారు, లేపాడు. "లోపల మీకు కావలసినవి ఉన్నాయా?" అని అతను అడగలేదు, "ఉన్నాయి, జాగ్రత్త" అని చెప్పాలని ఆమెకు తెలియదు. డిపాజిట్ల కోసం ఆ తల్లి బ్యాంకు బ్యాంకుకూ తిరిగారు. కాగితాలు ఆఫీసు నుంచి మళ్ళీ వచ్చాయి, మన సంఘం వాళ్ళం తోడు వెళ్ళాము. ఫోటోలలో బంధువుల దగ్గర ఉన్నవి కొన్ని దొరికాయి. ఆయన గొంతుతో ఉన్న వీడియోలు మాత్రం ఇక దొరకలేదు.

ఫార్మాట్ చేసిన పాత రకం హార్డ్ డిస్కు నుంచి, దాని మీద కొత్తది రాయకముందే పట్టుకుంటే, కొంత సరుకు తిరిగి తీయడం సాధ్యమే. ఎస్.ఎస్.డి. రకం డిస్కులో ఆ ఆశ బహు స్వల్పం, ఎందుకంటే చెరిపిన చోటును అది తనంతట తానే శుభ్రం చేసుకుంటుంది. కనుక జాగ్రత్త ముందే పడాలి.

మెకానిక్కు వచ్చినప్పుడు ఈ నాలుగు మాటలు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. నోటితో చెబితే మరిచిపోతారు.

1. నన్ను అడిగి, నేను ఒప్పుకోకుండా ఫార్మాట్ చేయవద్దు.

2. ముందు డిస్కులోని సరుకును వేరే డిస్కు మీదకు ఎక్కించి నాకు చూపించండి.

3. డిస్కు మార్చవలసి వస్తే పాత డిస్కు నాకే ఇవ్వండి.

4. ఏ భాగం మార్చినా పాతది చూపించి, బిల్లులో రాయండి.

విండోస్ లేవకపోయినా సరుకు తీయవచ్చునా? తీయవచ్చు. డిస్కు విప్పి, యు.ఎస్.బి. కేసులో పెట్టి ఇంకొక కంప్యూటరుకు తగిలిస్తే, చాలాసార్లు మామూలు పెన్ డ్రైవులా తెరుచుకుంటుంది. లేదా ఉబుంటు వంటి ఉచిత లినక్సును పెన్ డ్రైవు మీద వేసుకుని, డిస్కులో ఏమీ మార్చకుండా దానితో లేపి, ఫైళ్ళు బయటకు తీయవచ్చు. ఈ పని తెలిసిన కుర్రవాళ్ళు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. అడగడమే మన వంతు.

అసలు ఇంత దూరం రాకుండా ఉండాలంటే ముఖ్యమైన సరుకు మూడు చోట్ల ఉండాలి. కంప్యూటరులో ఒకటి, బయటి డిస్కులో ఒకటి, ఇంటికి దూరంగా ఒకటి. మూడవది పిల్లల దగ్గర కావచ్చు, ఇంటర్నెట్ ఖాతాలో కావచ్చు. బయటి డిస్కును నకలు తీసిన వెంటనే పీకి బీరువాలో పెట్టండి. తగిలించే ఉంచితే, పిడుగు పడినా వైరస్ పడినా రెండూ కలిసే పోతాయి. ఏ ఫైలు ఎక్కడ ఉందో ఒక కాగితం మీద రాసి, ఇంట్లో ఇంకొకరికి చూపించి ఉంచండి. మనలో చాలామంది ఇళ్ళలో ఆ కంప్యూటరు తెరవడం ఒక్కరికే తెలుసు. అది మంచిది కాదు.

ఇంకా రెండు మాటలు

తెర నిండా ఎర్రగా వెలిగి, హారను మోగి, "మీ కంప్యూటరు పాడైంది, ఈ నంబరుకు ఫోను చేయండి" అని వస్తే చేయవద్దు. కంప్యూటరు దోషం ఏదైనా ఫోను నంబరు చూపించి మోగదు. అది మోసగాళ్ళ వల. బటను నొక్కిపట్టి ఆపేయండి. ఎవరైనా ఫోనులో "ఈ యాప్ వేసుకోండి, నేను ఇక్కడ నుంచి బాగు చేస్తాను" అన్నా ఒప్పుకోకండి. మీ పెన్షను ఖాతా అతని చేతిలోకి పోతుంది. ఒకవేళ డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. బ్యాంకుకు కూడా చెప్పండి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ తన మామూలు మద్దతును 2025 అక్టోబరు 14తో ముగించింది. ఆ తేదీ దాటినంత మాత్రాన మీ కంప్యూటరు ఆగిపోదు. అయితే భద్రతా మరమ్మతులు మామూలుగా అందవు కనుక, దానిలో బ్యాంకు పనులు పెట్టుకునేవారు పిల్లలతో మాట్లాడి ఏర్పాటు చేసుకోవాలి. విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, బాగా పాత యంత్రాలలో అది ఉండదు. ఎవరైనా పాత కంప్యూటరు అమ్మేస్తుంటే డిస్కు విప్పి దగ్గర పెట్టుకుని మిగతాది అమ్మండి.

సోదరులారా, పిడుగులు పడే రాత్రి ఫీడరు ట్రిప్పయినప్పుడు, ఊరంతా చీకటిలో ఉన్నప్పుడు, మనం తొందరపడలేదు. లైన్ క్లియర్ తీసుకుని, ఎర్త్ చేసి, ఆ తరువాతే స్తంభం ఎక్కాము. ఆ క్రమం తప్పనందువల్లనే ఈ రోజు ఇక్కడ కూర్చోగలిగాము. బల్ల మీది ఈ పెట్టె దగ్గర కూడా అదే క్రమం పాటిద్దాము. ఎక్కడ ఆగిందో చూడడం, సరుకు భద్రమా అని అడగడం, ఆ తరువాతే స్క్రూ విప్పడం.

ఈ ప్రసంగ పాఠాన్ని సంచికలో అచ్చు వేస్తామని కార్యదర్శి గారు అన్నారు. మెకానిక్కుకు ఇవ్వవలసిన ఆ నాలుగు మాటలున్న పేజీని కత్తిరించి కంప్యూటరు పక్కన గోడకు అంటించుకోండి. ఈ ఆదివారం ఒక గంట కేటాయించి, ముఖ్యమైన కాగితాలనూ ఫోటోలనూ బయటి డిస్కు మీదకు ఎక్కించుకోండి. చేతకాకపోతే మొహమాటపడకండి. నెలలో రెండవ శనివారం మన ఆఫీసులో నేనూ, ఇంకో ఇద్దరు మిత్రులమూ ఉంటాము. డిస్కు పట్టుకుని రండి, టీ తాగుతూ చేసుకుందాము.